త్రైరాశికం నుండి మోల్ దాకా: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల బడులలో రసాయన గణనకు ఒక భాషాచరిత్ర

ఉపోద్ఘాతం

పదవ తరగతి విద్యార్థికి రసాయన శాస్త్రంలో ఎదురయ్యే లెక్కలలో ఒకటి ఇలా ఉంటుంది: 250 కిలోగ్రాముల శుద్ధమైన సున్నపురాయిని పూర్తిగా కాల్చితే ఎంత పొడిసున్నం వస్తుంది? విద్యార్థి మూడు పంక్తులలో జవాబు రాస్తాడు. 100 భాగాల సున్నపురాయికి 56 భాగాల సున్నం. కాబట్టి 250 కిలోగ్రాములకు 140 కిలోగ్రాములు. లెక్క ఒప్పు. అయితే ఆ 100 ఎక్కడి నుండి వచ్చింది, 56 ఎక్కడి నుండి వచ్చింది, మిగిలిన 110 కిలోగ్రాములు ఏమయ్యాయి అని అడిగితే జవాబు అంత సులభంగా రాదు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి వస్తువు.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబర్ 11న పరిపాలనా రూపం పొందాయి. అంతకుముందు వీటి భూభాగంలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లాది. ఇంకా వెనుకకు వెళితే జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. జనవ్యవహారంలో మానుకోటగా నిలిచిన మహబూబాబాద్ వరంగల్ ప్రాంతానికి చెందినది. ఈ నేలపై ఆధునిక పాఠశాలలో రసాయన శాస్త్రం మొదట ఉర్దూలో, తరువాత తెలుగులో, ఇప్పుడు ప్రధానంగా ఆంగ్లంలో వినబడుతున్నది. నూరేళ్ళలోపే ఒక శాస్త్రానికి మూడు బోధనా భాషలు మారాయి. ఈ మార్పులలో లెక్క చేసే పద్ధతి చెక్కుచెదరలేదు; లెక్క వెనుక ఉన్న భావనకు మాత్రం ప్రతిసారీ కొత్త పేర్లు పెట్టవలసి వచ్చింది. ఈ వ్యత్యాసం ఎలా ఏర్పడింది, దాని వలన విద్యార్థికి కలిగిన నష్టం ఏమిటి, దానిని పూడ్చే సామగ్రి ఈ మూడు జిల్లాలలోనే ఎలా ఉన్నది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. తెలుగులో ముందునుంచీ ఉన్న లెక్క

రసాయన చర్యల లెక్కలకు పునాది అనుపాతం. తెలిసిన మూడు రాశుల నుండి తెలియని నాలుగవ రాశిని రాబట్టే ఈ పద్ధతికి భారతీయ గణితంలో త్రైరాశికం అని పేరు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఈ సూత్రం ఉంది. తరువాత బ్రహ్మగుప్తుడు, మహావీరాచార్యుడు, భాస్కరాచార్యుడు దీనిని విస్తరించారు. మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. అంటే వ్యాపార గణితం, మిశ్రమాల లెక్క, అనుపాతం తెలుగులో చెప్పుకొనే సంప్రదాయం చాలా పాతది. అల్‌బెరూనీ భారతీయుల రాశిక గణితంపై అరబ్బీలో ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. కాబట్టి ఉర్దూ మాధ్యమంలో చదివిన విద్యార్థికి 'అర్బా ముతనాసిబా' అన్న పేరుతో ఎదురైనదీ, వీధి బడిలో పంతులు త్రైరాశికమని చెప్పినదీ ఒకే గణితం.

త్రైరాశికంలోని మూడు రాశులకు ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని పేర్లు. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. పై లెక్కలో 100 ప్రమాణం, 56 ఫలం, 250 ఇచ్ఛ, 140 ఇచ్ఛాఫలం. నేటి పాఠ్యపుస్తకంలో 'ద్రవ్యరాశి–ద్రవ్యరాశి సంబంధం' అన్న పేరుతో కనిపించే అభ్యాసాలు చాలావరకు ఇదే అచ్చులో ఉంటాయి. శేరు బియ్యానికి ఇంత వెల అయితే మూడున్నర శేర్లకు ఎంత అని లెక్కగట్టగలిగిన ఏ బడిపిల్లవాడికైనా ఈ పద్ధతి కొత్త కాదు. ఈ పరిచయం ఒక బలం. అయితే ఇదే ఒక మరుగు కూడా అయిందని చరిత్రను చూస్తే తెలుస్తుంది.

2. లెక్క ఒప్పు, భావన తప్పు: ఐరోపాలో యాభై ఏళ్ళు

లవోసియే 1789లో ప్రకటించిన రసాయన గ్రంథం చర్యకు ముందూ తరువాతా మొత్తం ద్రవ్యరాశి మారదన్న సూత్రాన్ని తూనిక సాక్ష్యంతో నిలబెట్టింది. ఒక సంయోగ పదార్థంలో మూలకాలు ఎప్పుడూ ఒకే భార నిష్పత్తిలో ఉంటాయని ప్రూస్ట్ వాదించాడు. నేటి తెలుగు పుస్తకాలలోని స్థిరానుపాత నియమం అదే. బెర్తొలే దానిని ఒప్పుకోలేదు. మిశ్రలోహాలు, గాజు, ద్రావణాలు వేర్వేరు నిష్పత్తులలో ఏర్పడుతున్నాయి గదా అన్నది అతని ఆక్షేపణ. సంయోగ పదార్థం వేరు, మిశ్రమం వేరు అన్న గీత ఈ వాదంలోనే స్పష్టపడింది.

1808లో డాల్టన్ తన పరమాణు సిద్ధాంతాన్ని గ్రంథరూపంలో వెలువరించాడు. నీటిలో ఒక హైడ్రోజన్ పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయని ఆయన ఊహ. నేటి లెక్క ప్రకారం హైడ్రోజన్‌కు 1, ఆక్సిజన్‌కు 16. నీటిలో రెండు హైడ్రోజన్‌లకు ఒక ఆక్సిజన్. డాల్టన్ ఊహను అనుసరించి ఆక్సిజన్‌కు 8 అని తీసుకొని, నీటిలో ఒకటికి ఒకటి అనుకున్నా ఒక గ్రాము హైడ్రోజన్‌కు ఎనిమిది గ్రాముల ఆక్సిజన్ కావాలనే తేలుతుంది. తొమ్మిది గ్రాముల నీరే వస్తుంది. అణువు నిర్మాణం తప్పుగా ఊహించినా త్రైరాశికం ఒప్పు జవాబే ఇస్తుంది. అందుకే ఆ పొరపాటు సుమారు అర్ధశతాబ్దం నిలవగలిగింది.

ఆ పొరపాటును పట్టుకున్నది భారం కాదు, ఘనపరిమాణం. రెండు పాళ్ళ హైడ్రోజన్ వాయువు ఒక పాలు ఆక్సిజన్ వాయువుతో కలిస్తే రెండు పాళ్ళ నీటి ఆవిరి వస్తుంది. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణాలు గల వాయువులలో అణువుల సంఖ్య సమానమని 1811లో అవొగాడ్రో చెప్పిన మాటతో తప్ప దీనికి పొందిక కుదరదు. ఆ మాటకు తగిన గుర్తింపు 1860లో కార్ల్స్‌రూహేలో జరిగిన రసాయన శాస్త్రజ్ఞుల సమావేశంలో కన్నిజారో చేసిన ప్రతిపాదనతో మొదలైంది.

తెలంగాణ పల్లె కొలతల భాషలో దీనిని సూటిగా చెప్పవచ్చు. మానికెడు జొన్నలలోనూ మానికెడు సజ్జలలోనూ గింజల సంఖ్య ఒకటి కాదు. గింజ చిన్నదైతే సంఖ్య పెరుగుతుంది. వాయువులకు మాత్రం ఈ న్యాయం వర్తించదు. ఏ వాయువుతో నింపినా, వేడీ ఒత్తిడీ ఒకటైతే, మానికలో అణువుల సంఖ్య దాదాపు ఒకటే. ఎందుకంటే వాయువులో స్థలాన్ని ఆక్రమించేది ప్రధానంగా అణువుల మధ్య ఎడమే గాని అణువుల పరిమాణం కాదు. మోల్ అన్న ప్రమాణం ఈ సంఖ్యకు పెట్టిన కొలత. 1971లో అది అంతర్జాతీయ ప్రమాణాలలో చేరింది. 2019 మే 20 నుండి 6.02214076 × 10²³ కణాల సముదాయంగా దానికి కచ్చితమైన నిర్వచనం అమలులోకి వచ్చింది.

పాఠశాల దృష్టితో ఈ చరిత్ర చెప్పే పాఠం ఒకటే. భారాల లెక్కకు ఒప్పు జవాబు రావడం భావన అర్థమైందనడానికి రుజువు కాదు. ఐరోపా శాస్త్రజ్ఞులనే అర్ధశతాబ్దం మభ్యపెట్టిన ఈ సౌలభ్యం పదిహేనేళ్ళ విద్యార్థిని మభ్యపెట్టడంలో వింత లేదు.

3. ఉర్దూ మాధ్యమ కాలం

నిజాం పాలనలో ఉన్నత విద్యకు ఉర్దూను వాహకం చేసే ప్రయత్నం ఉస్మానియా విశ్వవిద్యాలయంతో పూర్తి రూపం దాల్చింది. 1917లో అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడింది; 1918లో విశ్వవిద్యాలయం స్థాపితమైంది. ఒక భారతీయ భాషలో ఆధునిక విజ్ఞాన శాస్త్రాలను విశ్వవిద్యాలయ స్థాయిలో బోధించిన గొప్ప ప్రయోగం అది. దానికై అరబ్బీ, పారశీక మూలాల నుండి పారిభాషిక పదాలను పెద్ద సంఖ్యలో రూపొందించారు. రసాయన శాస్త్రం కీమియా అయింది. మూలకం ఉన్సర్, సంయోగ పదార్థం మురక్కబ్, పరమాణువు జౌహర్, భారం వజన్ అయ్యాయి. 1927లో హనుమకొండలో ఇంటర్మీడియట్ కళాశాల ఏర్పడడంతో వరంగల్ ప్రాంత విద్యార్థికి ఈ విద్య దగ్గరైంది.

ఈ ప్రయోగపు విలువను తక్కువ చేయనవసరం లేదు. అయితే జనగామ, మానుకోట పల్లెలలో ఇంటి భాష తెలుగు. ములుగు, భూపాలపల్లి అడవి ప్రాంతాలలో తెలుగుతో పాటు కోయ భాష. అక్కడి విద్యార్థి జౌహర్ అన్న పదం ద్వారా పరమాణువును తెలుసుకోవాలంటే మొదట జౌహర్ అన్న మాటనే నేర్చుకోవాలి. ప్రజలు నడుపుకొనే ఖాన్గీ బడులకు 1920వ దశకంలో ప్రభుత్వ అనుమతి తప్పనిసరి కావడం తెలుగు చదువును మరింత ఇరుకున పెట్టింది. మాతృభాషలో విద్య కావాలన్న కోరిక గ్రంథాలయోద్యమంలోనూ, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభలోనూ పదేపదే వినిపించడానికి కారణం ఇదే.

ఈ దశలో ఒక విచిత్రమైన విభజన జరిగింది. లెక్క ఇంటి భాషలోనే మిగిలింది. తులాలు, శేర్లు, మణుగులు, మానికలు, కుంచాలు ఇంట్లోనూ అంగట్లోనూ తెలుగులో నడిచాయి. భావన మాత్రం బడి భాషలో ఉండిపోయింది. విద్యార్థి మనసులో త్రైరాశికం ఒక గదిలో, జౌహర్ మరొక గదిలో ఉన్నాయి. వాటి మధ్య తలుపు తెరిచే పుస్తకం అతనికి అందుబాటులో లేదు.

4. తెలుగు పదాల పుట్టుక

అలాంటి పుస్తకం తేవాలన్న సంకల్పం హైదరాబాదులోనే పుట్టింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారి పూనికతో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాలనూ తెలుగులో చెప్పాలన్నది దాని లక్ష్యం. మండలి కొద్ది కాలానికే మద్రాసుకు తరలిపోయింది. పుట్టిన నేలలోని బడులు ఉర్దూ వైపు సాగగా, ఆ తెలుగు శాస్త్ర వచనం ఎక్కువగా ఇతర తెలుగు ప్రాంతాలలో పెరిగింది.

ఆ తరం రచనలలోనూ వాటి వెంట వచ్చిన పాఠ్యగ్రంథాలలోనూ స్థిరపడిన పదాలు శాస్త్ర చరిత్రకు సాక్ష్యాలు. ఉదజని అంటే నీటిని పుట్టించేది. హైడ్రోజన్ అన్న గ్రీకు మూలపు పేరుకు ఇది సరియైన తెలుగు. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆక్సిజన్ అన్న పేరులో లవోసియే పెట్టిన అర్థమే అది. కాని ఆమ్లాలన్నింటిలో ఆక్సిజన్ ఉంటుందన్న లవోసియే అభిప్రాయం తప్పని డేవీ 1810 నాటికే చూపాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదు. అంటే ఆమ్లజని అన్న పదం తెలుగులోకి వచ్చేసరికే దాని అర్థం కాలం చెల్లినది. ఆక్సిజన్ అన్న మాటలోనూ ఈ పొరపాటు ఉంది గాని గ్రీకు తెలియని విద్యార్థికి అది కనబడదు. తెలుగు పదం అర్థవంతం కావడం వలననే పొరపాటు పైకి తేలింది.

బొగ్గుపులుసు వాయువు మరొక రకం పేరు. బొగ్గు కాలితే వచ్చేది, నీటిలో కలిస్తే పుల్లని గుణం ఇచ్చేది అన్న రెండు పరిశీలనలు అందులో ఉన్నాయి. కార్బన్ డై ఆక్సైడ్ అన్న పేరులో ఆ రెండూ లేవు. దానికి బదులు ఒక కార్బన్‌కు రెండు ఆక్సిజన్‌లన్న సంఖ్య ఉంది. ఒక పేరు పుట్టుకను చెబుతుంది, మరొకటి కూర్పును చెబుతుంది. లెక్కకు కావలసినది రెండవదే. అయితే 'డై' అంటే రెండు అని విడమరచి చెప్పకపోతే ఆ సంఖ్య తెలుగు చెవికి మూగగా ఉండిపోతుంది. పేరు వినగానే కూర్పు తెలిసే అవకాశం ఉన్నా విద్యార్థి దానిని కేవలం ఒక పొడవైన శబ్దంగా కంఠస్థం చేస్తాడు.

5. 1948 తరువాత: తెలుగు బడి, అకాడమి పుస్తకం

1948 తరువాత హైదరాబాదు రాష్ట్రంలో పాఠశాల విద్య ప్రాంతీయ భాషల వైపు మళ్ళింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆంగ్లం వైపు వెళ్ళింది. ఫలితంగా జనగామలో తెలుగులో చదివిన విద్యార్థి కళాశాలలో ఆంగ్లాన్ని ఎదుర్కొన్నాడు. ఈ అగాధాన్ని పూడ్చే సంకల్పంతో 1968 ఆగస్టు 6న తెలుగు అకాడమి ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు ఓరుగల్లు ప్రాంతంలోని వంగర గ్రామానికి చెందిన పి.వి. నరసింహారావు. ఇంటర్మీడియట్ విద్యకు తెలుగులో శాస్త్ర గ్రంథాలు తేవడం అకాడమి చేసిన ప్రధాన సేవలలో ఒకటి.

ఈ కాలంలో పారిభాషిక పదాల విధానం కూడా మారింది. 1961లో ఏర్పడిన కేంద్ర శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం మూలకాల పేర్లు, ప్రమాణాలు, సంకేతాలు అంతర్జాతీయ రూపంలోనే ఉండాలని, భావనలను తెలిపే పదాలను భారతీయ భాషలలో రూపొందించాలని సూత్రీకరించింది. అందువలన ఆమ్లజని క్రమంగా ఆక్సిజన్‌కు చోటిచ్చింది. పరమాణువు, అణువు, మూలకం, సంయోగ పదార్థం, సమీకరణం, అనుపాతం తెలుగులోనే నిలిచాయి. ఈ పంపకం వివేకవంతమైనది. పేర్లు ప్రపంచంతో కలుపుతాయి. భావనలు ఇంటి భాషతో కలుపుతాయి.

రెండు పదాల ప్రయాణం ఇక్కడ గమనించదగినది. మొదటిది సమీకరణం. సమానం చేయడం అని దాని అర్థం. గణితం నుండి రసాయన శాస్త్రానికి వచ్చింది. గణితంలో అలవాటుపడిన విద్యార్థి రెండు పాళ్ళ హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే మూడు పాళ్ళు రావాలని ఆశిస్తాడు. రెండే వస్తాయంటే తికమక పడతాడు. సమానమయ్యేవి పరమాణువుల సంఖ్యలు, మొత్తం ద్రవ్యరాశి. అణువుల సంఖ్య కాదు. సమీకరణాన్ని తుల్యం చేయడం అన్న మాటలో 'తుల' ఉంది. త్రాసుకు రెండువైపులా ఏమి పెట్టి తూచుతున్నామో చెప్పినప్పుడే ఆ మాట పనిచేస్తుంది. రెండవది భారం. పాత పుస్తకాలలో పరమాణు భారం, అణుభారం, గ్రామ్ అణుభారం అన్నవి, తరువాత పరమాణు ద్రవ్యరాశి, అణు ద్రవ్యరాశి, మోల్ అయ్యాయి. బరువు స్థలాన్నిబట్టి మారుతుంది, ద్రవ్యరాశి మారదు అన్న తేడా దృష్ట్యా ఈ మార్పు సరియైనదే. కాని తండ్రి అణుభారంగా నేర్చినదానిని బిడ్డ అణు ద్రవ్యరాశిగా, మనుమడు మాలిక్యులర్ మాస్‌గా నేర్చాడు. ఒకే ఇంట్లో మూడు తరాలు ఒకే భావన గురించి మాట్లాడుకోవడానికి ఉమ్మడి మాట కరువైంది.

6. మూడు జిల్లాలు, మూడు నిదర్శనాలు

పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలు ఏ ఊరికీ చెందనివి. అవి అలా ఉండడం అనివార్యం కూడా. అయితే ఈ మూడు జిల్లాలలో రసాయన గణనకు సంబంధించిన మూడు మౌలిక భావనలకు మూడు ప్రత్యక్ష నిదర్శనాలు ఉన్నాయి.

జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి రేకు పనికి ప్రసిద్ధి. ఆ కళకు కాకతీయుల కాలపు ఆలయ శిల్ప సంప్రదాయంతో సంబంధం చెబుతారు. ఇత్తడి రాగి, తుత్తునాగం కలిసిన లోహం. తుత్తునాగమంటే నేటి జింక్. రాగి పాలు పెరిగితే రంగు ఎర్రబారుతుంది, లోహం సులువుగా సాగుతుంది. జింక్ పాలు మారితే గట్టిదనమూ మారుతుంది. ఏ పాళ్ళలో కలిపినా అది కొంత మేర ఇత్తడే. ఇత్తడికి కచ్చితమైన అణుఫార్ములా రాయలేము. బెర్తొలే ప్రూస్ట్‌పై ఎక్కుపెట్టిన ఆక్షేపణ సరిగ్గా ఇలాంటి లోహాల నుండి వచ్చినదే. మిశ్రమానికి పాళ్ళు పనివాడి ఇష్టం, సంయోగ పదార్థానికి పాళ్ళు ప్రకృతి నిర్ణయం అన్న భేదాన్ని పెంబర్తి రేకు ముందుపెట్టి చెప్పినంత తేటగా నిర్వచనం చెప్పలేదు.

మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం ఇనుప ఖనిజానికి పేరుపొందింది. ఫెర్రిక్ ఆక్సైడ్‌లో రెండు ఇనుము పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులు. ఇనుముకు 56, ఆక్సిజన్‌కు 16 చొప్పున 112, 48 కలిసి 160. కనుక పూర్తిగా శుద్ధమైన ఫెర్రిక్ ఆక్సైడ్ ఒక టన్ను నుండి 700 కిలోగ్రాములకు మించి ఇనుము రాదు. కొలిమి ఎంత గొప్పదైనా ఈ హద్దు దాటదు. ఖనిజంలో ఆక్సైడ్ పాలు సగమే అయితే టన్నుకు 350 కిలోగ్రాములు. శుద్ధత శాతం అన్న పేరుతో పుస్తకంలో కనిపించే అభ్యాసం ఇదే. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడవ షెడ్యూలులో, బయ్యారం అప్పుడు భాగంగా ఉన్న ఖమ్మం జిల్లాలో, ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను పరిశీలించాలన్న మాట ఉంది. ఆ తరువాత సాగిన ప్రజా చర్చలో ఖనిజపు నాణ్యత ఒక కీలకాంశం. పదవ తరగతి త్రైరాశికం తెలిసిన పౌరుడు ఆ చర్చలో ప్రేక్షకుడిగా మిగలనవసరం లేదు. ఎంత ఖనిజానికి ఎంత ఇనుము అన్న ప్రశ్నను తానే వేయగలడు.

ఇక్కడే ప్రూస్ట్ నియమానికి ఒక మినహాయింపు కూడా ఉంది. కొలిమిలో ఫెర్రిక్ ఆక్సైడ్ ఇనుముగా మారే దారిలో ఏర్పడే ఫెర్రస్ ఆక్సైడ్‌లో ఇనుము, ఆక్సిజన్‌ల నిష్పత్తి కచ్చితంగా ఒకటికి ఒకటి కాదు. ఇనుము కొంచెం తక్కువగా ఉంటుంది. ఇలాంటి పదార్థాలకు తరువాతి శాస్త్రజ్ఞులు బెర్తొలే పేరు మీదుగానే బెర్తొలైడ్‌లు అని పేరు పెట్టారు. ఓడిన వాదంలోనూ కొంత నిజం మిగిలి ఉండవచ్చునని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

భూపాలపల్లి బొగ్గు జిల్లా. సింగరేణి గనులు ఒకవైపు, చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం మరొకవైపు ఉన్నాయి. బొగ్గు కాలితే బూడిద మిగులుతుంది. బూడిద బొగ్గుకంటే తేలిక. కాబట్టి కాలడమంటే తగ్గిపోవడం అన్నది కంటికి తోచే నిర్ణయం. లవోసియేకు ముందు ఐరోపాలో ప్రబలిన ఫ్లోజిస్టన్ వాదం కూడా మండేటప్పుడు పదార్థం నుండి ఏదో వెళ్ళిపోతుందనే చెప్పింది. లెక్క దీనికి విరుద్ధంగా చెబుతుంది. 12 భాగాల కార్బన్ 32 భాగాల ఆక్సిజన్‌తో కలిసి 44 భాగాల కార్బన్ డై ఆక్సైడ్ అవుతుంది. ఒక టన్ను బొగ్గులో 400 కిలోగ్రాముల కార్బన్ ఉందనుకుంటే, అది పూర్తిగా కాలడానికి సుమారు 1067 కిలోగ్రాముల ఆక్సిజన్ కావాలి. వచ్చే వాయువు సుమారు 1467 కిలోగ్రాములు. గనిలో నుండి తీసిన టన్ను బొగ్గుకంటే పొగగొట్టం నుండి వెళ్ళే ఈ ఒక్క వాయువే బరువు. కంటికి కనబడని గాలి లెక్కలోకి వచ్చినప్పుడే ద్రవ్య నిత్యత్వ నియమం అర్థమవుతుంది. వాతావరణ మార్పు గురించి పెద్దలు మాట్లాడే మాటలకు కూడా మూలం ఈ లెక్కలోనే ఉంది.

7. త్రైరాశికం ఆగిపోయే చోటు

భావన అర్థమైందో లేదో తేల్చే లెక్క ఒకటి ఉంది. 10 గ్రాముల హైడ్రోజన్, 40 గ్రాముల ఆక్సిజన్ కలిపి మండిస్తే ఎంత నీరు వస్తుంది? పాత అలవాటు ప్రకారం హైడ్రోజన్‌ను ఇచ్ఛగా తీసుకుంటే 90 గ్రాములు రావాలి. ఉన్నదే 50 గ్రాములు. 40 గ్రాముల ఆక్సిజన్‌కు 5 గ్రాముల హైడ్రోజనే చాలు. 45 గ్రాముల నీరు వస్తుంది, 5 గ్రాముల హైడ్రోజన్ మిగిలిపోతుంది. రెండు ఇచ్ఛలలో ఏది ముందుగా అయిపోతుందో చూడకుండా సూత్రం పని చేయదు. ఆంగ్ల పుస్తకాలలో దీనికి లిమిటింగ్ రీఏజెంట్ అని పేరు. బియ్యం ఎంత ఉన్నా పప్పు అయిపోయిన చోట పులగం ఆగిపోతుందని తెలిసినవారికి ఇది కొత్త ఊహ కాదు. అయినా విద్యార్థి ఇక్కడే తడబడడానికి అవకాశం ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ సంఖ్యల వెనుక ఉన్న వస్తువులను ఊహించుకోవాలి. ఊహించుకోవడం అన్నది తనకు పట్టున్న భాషలోనే జరుగుతుంది.

8. రెండు భాషల పుస్తకం

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత, 2022–23 విద్యా సంవత్సరం నుండి ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8 తరగతుల వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. దానితో పాటు తెలుగు, ఆంగ్లం రెండూ ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఉన్నత విద్యలోనూ ఉద్యోగంలోనూ ఆంగ్లం అవసరమైన కాలంలో పేద కుటుంబాలు దానిని కోరుకోవడం న్యాయమే. ఈ ప్రాంతపు గత చరిత్రతో పోల్చినప్పుడు ద్విభాషా పుస్తకంలో ఒక ముఖ్యమైన తేడా కనిపిస్తుంది. ఉర్దూ నుండి తెలుగుకు మారినప్పుడు పాత పదాలు ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి. ఈసారి పాత పదమూ కొత్త పదమూ ఒకే పుస్తకంలో ఎదురెదురుగా ఉన్నాయి.

ఆ రెండు పుటలకూ వేర్వేరు పనులు అప్పగించినప్పుడే ఈ ఏర్పాటు సఫలమవుతుంది. ఎడమ పుట తెలియనివారికి కుడి పుట అన్న దృష్టితో తెలుగును చూస్తే, ఆంగ్లం కాస్త అలవాటు కాగానే ఆ పుట చదవనిదై మిగులుతుంది. సమీకరణం అన్న మాటలో సమానం చేయడం ఉందని, తుల్యం అన్న మాటలో త్రాసు ఉందని, త్రైరాశికం తాత కూడా చేసిన లెక్కేనని ఉపాధ్యాయుడు చూపించగలిగితే, ఈక్వేషన్, బ్యాలెన్సింగ్ అన్న మాటలకు కూడా అర్థం నిండుతుంది.

ముగింపు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల బడులలో రసాయన గణన చరిత్రను పరిశీలించినప్పుడు మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, అనుపాత గణనకు ఈ సమాజంలో లోతైన పునాది ఉంది. అది ఏ బోధనా భాషతోనూ పోలేదు. రెండు, పరమాణువు, అణువు, మోల్ అన్న భావనలు మాత్రం ప్రతి భాషా మార్పుతోనూ కొత్త పేర్లు ధరించి, విద్యార్థికి ప్రతి తరంలోనూ మళ్ళీ పరాయివి అయ్యాయి. మూడు, త్రైరాశికం ఇచ్చే ఒప్పు జవాబు ఈ పరాయితనాన్ని కప్పిపుచ్చింది; డాల్టన్ నీటి విషయంలో ఐరోపాలో జరిగినది మరో రూపంలో తరగతి గదిలో జరిగింది.

కాబట్టి మాధ్యమం ఏదన్న ప్రశ్నతో పాటు, లెక్కకూ భావనకూ మధ్య తలుపు ఏ భాషలో తెరుచుకుంటుందన్న ప్రశ్న కూడా వేయవలసి ఉంది. ఆ తలుపుకు కావలసిన సామగ్రి దూరాన లేదు. పెంబర్తిలో పాళ్ళు మార్చగల ఇత్తడి ఉంది. బయ్యారంలో హద్దు దాటనివ్వని ఖనిజం ఉంది. చెల్పూరులో గాలిని కూడా తూచి చూడమనే బొగ్గు ఉంది. 250 కిలోగ్రాముల సున్నపురాయి నుండి 140 కిలోగ్రాముల సున్నం వస్తుందని చెప్పిన విద్యార్థి, మిగిలిన 110 కిలోగ్రాములు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిశాయని కూడా చెప్పగలిగిన నాడు ఆ లెక్క పూర్తయినట్లు.